జతపట్టీ

మెట్ల మలుపులో దీనమ్మ ఆగిపోయింది. దగ్గు గొంతుదాకా వచ్చింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా దాన్ని మింగేసింది. ఛాతీకి చుట్టిన జతపట్టీ మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతూనే ఉంది.

ఆ పట్టీకి జోడీ దూరాన జైల్లో, సుదర్శనరావు ఛాతీకి ఉంది. చీమకుర్తిలో దీనమ్మ పదహారేళ్లు రాతిపలకలు కోసిన గ్రానైట్ ఫ్యాక్టరీ అతనిదే. గాలిలో రాతిధూళి హద్దు మీరిన ప్రతిసారీ గోడలోని ధూళినేత్రం యజమానికి హెచ్చరిక పంపేది. చదివానని అతను వేలిముద్ర వేసేదాకా ఊరుకునేది కాదు. సుదర్శనరావు నలభై ఒక్కసార్లు ముద్ర వేశాడు. ధూళిని అణిచే నీటిజల్లును మాత్రం, కోత నెమ్మదిస్తుందని ఆపించే ఉంచాడు. తెలియక జరిగిందని అతని వకీలు వాదించబోతే కోర్టులో ఆ ముద్రలే అడ్డొచ్చాయి. తెలిసి చేసిన నేరానికి కొత్త చట్టంలో రెండు శిక్షలు: నాలుగేళ్ల జైలు, అందులో మొదటి ఏడాది పగటిపూట జతపట్టీ. దగ్గో ఆయాసమో వచ్చి దీనమ్మ ఛాతీ ఎగసిపడినప్పుడల్లా అక్కడ అతని పట్టీ బిగుసుకుంటుంది.

మొదట్లో దీనమ్మ కావాలనే మెట్లు గబగబా ఎక్కేది. ఆయాసం ముంచుకొస్తుంటే, ఆ మనిషికీ తెలియనీ అనుకునేది. మూడో నెలలో చట్టప్రకారం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. అతను క్షమాపణేమీ చెప్పలేదు. ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులూని, నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. అచ్చం తను కూర్చునే తీరే.

"రోజూ ఇట్టాగే ఉంటదా?" అని మాత్రం అడిగాడు.

దీనమ్మ తలూపింది. ఆనాటినుంచి ఆమె దగ్గును బయటికి రానివ్వడం మానేసింది.

ఆ మధ్యాహ్నం కోర్టు తరఫున పట్టీలు పర్యవేక్షించే నఫీసా సంతోషంగా వచ్చింది. పట్టీలో దగ్గు నమోదు కావడం లేదు గనక దీనమ్మ ఊపిరితిత్తులు కోలుకుంటున్నాయని యంత్రం నివేదిక ఇచ్చిందట. ఆ మాట చెబుతుండగానే దీనమ్మ మొహం కందగడ్డలా ఎర్రబడటం, గొంతు కదలడం ఆమె కంటబడింది. వీపు మీద గొట్టం ఆనించి వింటే లోపలంతా గురగుర. ఎవరైనా బెదిరించారా అని నెమ్మదిగా అడిగింది.

"ఎవురూ బెదిరించలేదమ్మా. నేను దగ్గితే ఆడ ఆయనకి ఊపిరాడదు. తెలిసి తెలిసి ఒక మనిషిని అట్టా ఎట్టా చేసేది?"

 కఫం లోపలే నిలిచిపోతే ప్రాణానికే ముప్పని నఫీసా నచ్చజెప్పింది. పట్టీ తీయాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. అది వచ్చేలోపు ఏమైనా జరిగితే తనదే బాధ్యత అని కాగితం మీద రాసి సంతకం చేసి, తన చేత్తోనే దీనమ్మ పట్టీ విప్పింది. పచ్చదీపం ఆరిపోయింది.

"ఇప్పుడాయన జైలు కూడా తగ్గిస్తారా?" అడిగింది దీనమ్మ.

"లేదమ్మా. నాలుగేళ్లూ ఉండాల్సిందే."

"ఉండనీండి. ఆ దుమ్ముకి మావోళ్లు ముగ్గురు పోయారు."

అప్పుడు దగ్గింది దీనమ్మ. నెలల తరబడి అణిచిపెట్టిన దగ్గంతా ఒక్కసారిగా పొర్లుకొచ్చింది. నఫీసా పక్కన కూర్చుని, అది తగ్గేవరకూ ఆమె వీపు నిమురుతూనే ఉంది.