యమున వయసు

తెల్లవారేసరికి గద్వాల వీధిలో మగ్గాల చప్పుడు మొదలైంది. నేతగాడు కురుమయ్య ఇంట్లో మాత్రం మగ్గం కంటే ముందు సెల్‌ఫోన్ మోగింది. అవతలి మగగొంతు చీర ధర అడగలేదు. "యమున ఉందా?" అంది. నవ్వింది.

కురుమయ్య ఫోన్ కట్టేసి, కూతురి భుజం మీది బడిసంచి లాగేశాడు.

"ఇయ్యాల్టి సంది బడి బంద్. మగ్గం కాడ కూసో. వాడకట్టుల తలెత్తుకోనిస్తలేవు."

"నేనేం చేసిన నాయినా?"

"నోర్ముయ్!"

ఇదంతా దసరాకు నేసిన చీరతో మొదలైంది. ఎర్రని అంచు, జరీ కొంగు. కడితేనే అంచు అందం తెలుస్తుందని యమునకే చుట్టబెట్టి ఫొటో తీయించాడు కురుమయ్య. అతని తమ్ముడు అనిల్ వాళ్ళిద్దరినీ నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి, ముక్కూముఖం తెలియనివాళ్ళు స్నేహాలు కలుపుకునే చోట, యమున పేరుతోనే పేజీ తెరిచి ఆ ఫొటో పెట్టాడు. ఆర్డర్ల కోసం అన్న నంబరు రాశాడు. ఆర్డర్లు కొన్నే వచ్చాయి. ఫొటో కింద మాత్రం నోటితో పలకలేని రాతలు పేరుకున్నాయి.

అంతలో అనిల్ తల వంచుకుని లోపలికొచ్చాడు.

"ఠాణాల అడిగొచ్చిన అన్నా. పిల్లల కోసం కొత్త చట్టం చేసిన్రంట. ఇంకా అమలుకు రాలేదంట. పేజీల వయసు పద్దెనిమిదని ఉంది గద, మమ్మల్నేం జెయ్యమంటవ్ అన్నరు."

రాట్నం ఆగింది. యమున తల్లి తిమ్మమ్మ లేచింది.

"బండి నడిపితె లైసెన్సడుగుతరు. సిన్మాకాడ పిల్లలొద్దని బోర్డు పెడ్తరు. నా బిడ్డను లోకం ముంగట నిలబెడ్తె అడిగెటోడు ఒక్కడు లేడా? ఇంకెందరి కడుపు కాలినంక వస్తది గా చట్టం? అయినా పద్దెనిమిదని ఎవడు రాసిండ్రా?"

అనిల్ అన్న వైపు చూశాడు. జవాబు యమున చెప్పింది.

"పదమూడని కొడితె పేజీ తెరుసుకోలే. 'పద్దెనిమిది రాయి, చీర కట్టినంక ఎవడడుగుతడు' అన్నది నువ్వే నాయినా. నేను పక్కనే ఉన్న. ఆ తలుపు తీసింది నువ్వు. ఇప్పుడు గొళ్ళెం నాకు పెడ్తున్నవ్!"

కురుమయ్య చేతిలోని బడిసంచి కింద పెట్టాడు. ఫోన్ మళ్ళీ మోగింది.

"యమున నా బిడ్డ," అన్నాడు వీధంతా వినేలా. "పద్దెనిమిది గాదు, పదమూడు. ఎన్మిదో తరగతి. ఏమన్న మాట్లాడాలంటె నా ముంగటికొచ్చి మాట్లాడు!"

అవతల లైను తెగింది.

"అనిల్, నడువు. ముందు గా పేజీ తీసెయ్యాలె."

"ఆర్డర్లు, అన్నా?"

"పోనీయ్."

బడిసంచి తన భుజాన వేసుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకోబోయి ఆగాడు.

"బడిదాంక తోడొస్త బిడ్డా. రమ్మంటవా?"

యమున కళ్ళు తుడుచుకుంది.

"సంచి నాకియ్యి," అంది. "నువ్వు పక్కన నడువు."