పక్క క్లాసు హమ్మయ్య

“మీ క్లాసుకి ఏమైనా జబ్బా అండీ?” అంటూ సైన్స్ మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

లెక్కల టీచర్ ఎర్ర పెన్ను ఆపింది. ఇతను ఉద్యోగంలో చేరి నెల కాలేదు, అప్పుడే ఎంత చనువు!

“ఏం, మీకేమొచ్చింది?”

“మన గదుల మధ్య ఉన్నది ఉత్త చెక్క అడ్డే కదా. బెల్లు కొట్టగానే మీ పిల్లలంతా ఒక్కసారిగా ‘హమ్మయ్య’ అంటారు. మావాళ్లు ఉలిక్కిపడి చస్తున్నారు.”

“లెక్కలంటే భయం మరి.”

“భయం కాదు. ముందు మీరంటారు, వెనకాల వాళ్లందుకుంటారు.”

“నేనా?”

“చెవులు రిక్కించి మరీ విన్నాను.”

“పక్క క్లాసు మాటలు వినడమేనా మీ సైన్సు?” ఆమె విసురుగా లేచి వెళ్లిపోయింది.

కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఒకప్పుడు అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా లెక్కలు చేసిన మనిషే ఆమె. ఇప్పుడు సిలబస్, పరీక్షలు, మార్కులు అంటేనే నీరసం. పాఠాలు ఇక తన వల్ల కాదనీ, ఆఫీసు గదిలో పని ఇమ్మనీ హెడ్ మేడమ్‌ని అడిగేసింది కూడా. శుక్రవారం ఖాయంగా చెప్పాలి.

మర్నాడు బెల్లు కొట్టగానే ‘హమ్మయ్య’ నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. క్లాసంతా మాత్రం ఎప్పటిలాగే హాయిగా అనేసింది.

ముందు బెంచీ అమ్మాయి జాలిగా చూసింది. “టీచర్, మీరు అనడం మర్చిపోయారు.”

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. వీళ్లకి లెక్కలంటే భయం లేదు. లెక్కలంటే ఎప్పుడు వదులుతుందా అని చూడాల్సిన పీడ అని తనే నేర్పింది.

శుక్రవారం పుస్తకం మూసేసింది. “ఇరవై నాలుగు గళ్ల చాక్‌లెట్. ఒక్కోసారి ఒక్క ముక్కనే విరవాలి. గడికి గడి విడిపోవాలంటే ఎన్నిసార్లు విరవాలి?”

క్లాసు సంతలా మారింది. ఎలా విరిచినా ఇరవై మూడే అంటే ఒక్కరూ నమ్మరు! ఆమె చేతులూపుతూ, చీరంతా సుద్దపొడి చేసుకుంటూ వాదించింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు.

“నా పీరియడండీ,” గుమ్మంలోంచి సైన్స్ మాస్టారు గొణిగాడు.

“కూర్చోండి, వీళ్లింకా ఒప్పుకోలేదు.”

బుద్ధిగా వెనక బెంచీలో కూర్చుని చెయ్యెత్తాడు. “ఆరుసార్లు!” పిల్లలు పడీపడీ నవ్వారు.

సాయంత్రం వరండాలో వాన జల్లుకి ఇద్దరూ ఆగిపోయారు.

“ఆఫీసుకి మారిపోతున్నారట?” అతని మొహం వాడిపోయి ఉంది.

“మారనని ఇందాకే హెడ్ మేడమ్‌తో చెప్పేశాను.”

“నిజంగానా?” వాడిన మొహం కాస్తా వెలిగిపోయింది. “ఒక మాట చెప్పనా? ఆ చెక్క అడ్డు ఇవతల నేను వినేది మీ గొంతే. మీరు విసుక్కున్న రోజు నేను చెప్పే పాఠం నాకే ఎక్కదు. మీరంటే నాకు ఇష్టమండీ. మా పెద్దవాళ్లని మీ ఇంటికి పంపనా?”

ఆమె చెంపలు వేడెక్కాయి. “ముందు మీరు రండి. మా నాన్న రిటైర్డ్ హెడ్మాస్టారు. ఎక్కాలు అప్పజెప్పమంటారు.”

“అమ్మో! పంతొమ్మిదో ఎక్కం నాకు రాదండీ,” అంటూ అతను సంచిలోంచి గొడుగు తీసి విప్పాడు.

“ఏం ఫరవాలేదు,” అంటూ ఆమె అతని గొడుగులోకి వచ్చింది. “నేను నేర్పుతాగా.”