ఓటు వెయ్యని రూలుకర్ర

ఆమె తలుపు తీయగానే, దారంతా కూర్చుకున్న మాటలు అతని నోట్లోనే ఆగిపోయాయి. రెండేళ్లుగా ప్రాజెక్టు పనిమీద ఫోన్లో మాట్లాడుకోవడమే గాని, ఎదురుగా చూడడం అదే మొదలు.

"రూలుకర్ర మీరేనా?" అంది, నవ్వకుండా.

ప్రాజెక్టులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. చూపు లేనివాళ్లకి తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఆ కోడ్ ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈమధ్య ఎవడో దానికి పాస్‌వర్డులు కాజేసే ముక్క అతికించి, అదే పేరుతో పంచిపెట్టాడు. దాంతో ట్రేడ్‌మార్క్ పాలసీ రాసే పని ఇతని నెత్తిన పడింది. మార్చిన కోడ్‌కి ప్రాజెక్టు పేరు వాడకూడదని రాశాడు. తీరా మొదటి నోటీసు వెళ్లింది ఈమెకే. చూపు పోయిన నాన్న కోసం కోడ్ మార్చి, పాత పేరుతోనే పదిమందికీ ఇస్తోందామె. నోటీసుకి జవాబు రాకపోయేసరికి అతను స్వయంగా వచ్చాడు.

పేరు తీసేస్తే వాడేవాళ్లు నమ్మరని, తన కష్టమంతా నీళ్లపాలవుతుందని ఆమె అంది. చూపున్నవాళ్లు లోగో చూసి పోల్చుకుంటారని, లేనివాళ్లకి చెవినపడే ఆ పేరొక్కటే గుర్తని అతను చెప్పాడు. ఇవాళ ఒకరిని వదిలేస్తే రేపు ఆ దొంగని ఏ మొహం పెట్టుకుని ఆపుతామన్నాడు.

కిటికీ పక్కన కూర్చున్న ఆమె తండ్రి, ఒకప్పటి టైలరు, అంతా విన్నాడు.

"అబ్బాయి చెప్పేది నిజమేనమ్మా. మోసపోయేది నాలాంటివాళ్లే. పేరు మార్చెయ్."

"మారుస్తాను నాన్నా. నా బాధ అది కాదు." ఆమె ఫోన్లో ప్రాజెక్టు కమిటీ మినిట్స్ తీసింది, తనకి నోటీసు పంపాలా వద్దా అని ఓటేసిన మీటింగువి. ఎవరైనా చదువుకోగల ఆ పేజీలో ఇతని మాటలున్నాయి: ‘ఈమె విషయంలో నేను న్యాయంగా ఉండలేను. నన్ను ఓటింగ్ నుంచి తప్పించండి.’

"నా మీద ఇంత కోపం పెట్టుకునేలా నేనేం చేశాను?" అంది.

ఇన్నాళ్లూ ఆమె ఇలా అనుకుని కుమిలిపోతోందని తెలిసి అతని ప్రాణం ఉసూరుమంది.

"కోపం కాదండీ. ఓటేస్తే తప్పని తెలిసీ మీకే వేసేవాణ్ణి. మీరంటే నాకు అంత ఇష్టం."

బయట వాన మొదలైంది. టైలరు మొహంలో నవ్వు కదిలింది.

ఆమె ఫోన్ పక్కన పెట్టి, "మరి ఆ కారణం ఎందుకు రాయించలేదు?" అంది.

"మిమ్మల్ని అడక్కుండా ఎలా రాయిస్తాను?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు అడిగారుగా," అంది. "రాయించండి."