అంచు మీద రాసినది

"గుడ్డ కొన్నది నేను. మిషన్ నాది, దారం నాది, నడుం నొప్పి నాది. ఫ్రాకు మాత్రం మీ అంగడిదా? ఏమప్పా, ఇదేం న్యాయం?"

మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అడిగింది. గుమ్మంలో భరత్‌కుమార్ నిలబడి ఉన్నాడు. సాయినగర్ సందులో ఆ మేడ మెట్లెక్కుతూ బట్టీ పట్టిన మాటలన్నీ అప్పటికే అప్పజెప్పేశాడు: "మేడమ్, పాతూరులో సోమశేఖర్ క్లాత్ స్టోర్స్ నుంచి వస్తాండా. మా దగ్గర కొన్న నెమళ్ళ ప్రింటుతో ఫ్రాకులు కుట్టి ఇన్‌స్టాలో అమ్ముతాండారంట. అట్ల అమ్మకూడదు. అది ఇంటి వాడకానికి మాత్రమే."

"కూడదని ఎవరు చెప్పినారు?"

"బెంగళూరు కంపెనీ. కుట్టి అమ్ముకోవాలంటే వాళ్ళ దగ్గర వేరే లైసెన్సు తీసుకోవాల. గుడ్డ అంచు మీద రాసుంటాది, చూసుకోండి."

"అంచు మడత లోపల ఉండాది. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాలు. రేపు దోసెపిండి అమ్మి, చుట్టాలకు పెట్టొద్దు, మీరే తినాలంటారా?"

అంటూ ఇటు తిరిగింది. పెదాల మధ్య గుండుసూది.

"భరతా!"

"పద్మా!"

సూది కింద పడింది. ఇద్దరూ ఒకేసారి వంగేసరికి తలలు ఢీకొన్నాయి.

"ఇంకోసారి తగిలించు, లేకుంటే కొమ్ములొస్తాయి" అన్నది పద్మప్రియ నుదురు రుద్దుకుంటూ.

"నీకు ఉండేవి చాలవా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఏమీ మారలేదు.

పద్మ నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. ఆయన పోయాక తల్లి ఆంజినమ్మ కూతుర్ని తీసుకుని అనంతపురం వచ్చి, జాకెట్లు కుట్టి బతికింది. లైనింగు గుడ్డ కోసం అంగడికి వచ్చినప్పుడల్లా పద్మ వెంట ఉండేది. తానులోంచి గుడ్డ చించేటప్పుడు వచ్చే చర్‌ర్‌మనే చప్పుడంటే ఆ పిల్లకు ప్రాణం. "ఇంకోసారి చించు మామా" అని భరత్ నాయన సోమశేఖర్‌ని సతాయించేది. భరత్ కౌంటరు కింద దూరి రంగురంగుల పీలికలు ఏరి ఆమెకోసం దాచేవాడు. అంగడి మెట్ల మీద కూర్చుని, బొరుగులు తింటూ, ఇద్దరూ బొమ్మలకు పావడాలు కట్టేవాళ్ళు. కొత్త మల్లుగుడ్డ వాసన తగిలితే భరత్‌కి ఇప్పటికీ ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి.

ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. ఇంటర్ చివరి పరీక్ష రోజు పడిన వాన. అనంతపురానికి వాన అలిగిన చుట్టంలాంటిది. పిలవంగ పిలవంగ వస్తుంది, మంచినీళ్ళు తాగకుండానే పోతుంది. ఆ రోజు మాత్రం తీరిగ్గా కురిసింది. టవర్ క్లాక్ దగ్గర ఒక చూరు కింద నిలబడి, "బెంగళూరు పోతాండా భరత్. గార్మెంట్స్‌లో పని దొరికింది" అన్నది పద్మ. అతను "మంచిది" అన్నాడు. చెప్పాలనుకున్నది అది కాదు. సరైన మాట వెతుక్కునేలోగా వానా నిలిచింది, బస్సూ వచ్చింది.

"ఎప్పుడొచ్చినావు? ఒక మాటైనా చెప్పకూడదా?" అన్నాడు భరత్.

"చెప్తే మళ్ళీ 'మంచిది' అంటావని చెప్పలేదు." ఆమె కళ్ళు దించుకుని చేతిలోని ఫ్రాకు సర్దింది. "ఆడ ఏండ్ల తరబడి కాలర్లే కుట్టినా భరత్. ఒక్క చొక్కా కూడా మొత్తం చూడలేదు. నా చేతి నుంచి పోయి ఇంకొకరి చేతిలో పడేది. ఒక్క బట్టన్నా మొదలు నుంచి కడదాకా నేనే కుట్టాలని వచ్చేసినా. డాన్సు క్లాసు పిల్లలకు ఫ్రాకులు ఒప్పుకున్నా. గుడ్డంతా కత్తిరించి పెట్టినా. ఇప్పుడు వద్దంటే నేనేం కావాల?"

భరత్ ఆ ముక్కల కుప్ప వైపు చూశాడు. "నువ్వు ఆపకపోతే మా ఏజెన్సీ తీసేస్తామన్నారు. అందరూ ఆన్‌లైన్‌లో కొంటాండారు, అంగడి ఖాళీగా ఉండాది. నాయనతో కొట్లాడి ఈ ప్రింట్లు నేనే తెచ్చినా. వీటి వల్లే నలుగురు మెట్లెక్కుతాండారు."

"నేను దుడ్లిచ్చి పంపినప్పుడు మా అమ్మకు చెప్పింటే కొనేదే కాదు. చించి ఇచ్చింది మీ నాయనే. ఒక్క మాట చెప్పినాడా?"

చెప్పలేదు. తానే నాయనకు చెప్పలేదు మరి. అంచు మీద రాసినది భరత్ కూడా కంపెనీ ఈమెయిలు వచ్చాకే చదివాడు.

"కంపెనీతో నేను మాట్లాడతా. నిదానించు" అని మెట్లు దిగాడు.

మర్నాడంతా మాట్లాడాడు. కోప్పడ్డాడు, బతిమాలాడాడు. కంపెనీ మనిషి తేజ, "వచ్చి చూస్తాను సార్" అన్నాడు. ఈలోగా కంపెనీ ఫిర్యాదు మీద పద్మ ఇన్‌స్టా పేజీ మాయమైపోయింది. ఫ్రాకుల ఫోటోలూ, మెచ్చుకున్న మాటలూ అన్నీ పోయాయి. భరత్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఆమె ఫోన్ ఆపేసింది.

తేజ అంగడికి వచ్చిన రోజు మబ్బు పట్టింది. సోమశేఖర్ అతనికి టీ తెప్పించాడు. చినుకులు మొదలైన కాసేపటికి పద్మ తడుస్తూనే మెట్లెక్కి వచ్చి, కత్తిరించిన గుడ్డల మూట కౌంటరు మీద పడేసింది.

"తీసుకో భరత్ నీ గుడ్డ. నిదానించు నిదానించు అని, నా అడ్రసు వాళ్ళకిచ్చి పేజీ మూయించినావు. చిన్నప్పటి సావాసం అనుకున్నా. అంగడి వాడివే అయినావు."

భరత్ నోరు తెరిచాడు. అంతలోనే ఆదుకున్నది తేజ.

"మేడమ్, మీ అడ్రసు, ఫోన్ నంబరు మీ పేజీలోనే ఉన్నాయి. ఈయన అడ్రసు ఇవ్వలేదు. రోజంతా ఫోన్ చేసి, ఆమె జోలికి పోవద్దని మా ప్రాణం తీశాడు."

పద్మ భరత్ వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"అయితే మేడమ్," తేజ గొంతు సవరించుకున్నాడు, "మీరు ఫ్రాకుల మీద మా కంపెనీ పేరు పెద్దగా వేశారు. జనం అవి మేం కుట్టినవే అనుకుంటున్నారు. అది మాకు కష్టం కదా?"

పద్మ తల దించుకుంది. "అది తప్పే. గుడ్డ మంచిదని చెప్పాలనుకున్నా, ఇంత దూరం ఆలోచించలేదు. పేరు తీసేస్తా. కానీ కుట్టొద్దంటే మాత్రం ఒప్పుకోను."

సోమశేఖర్ మూట విప్పి, ఒక ముక్కను అరచేత్తో నిమిరాడు. "చూడప్పా, ఆ నెమళ్ళ బొమ్మ మీ కంపెనీదే. ఎవరన్నా దొంగతనంగా అచ్చేస్తే పట్టుకోండి, నేనూ వస్తా. ఈ పిల్ల అచ్చెయ్యలేదు, దుడ్లిచ్చి కొన్నది. మా నాయన కాలం నుంచీ, గుడ్డ చించి చేతికిచ్చినాక దాని ఎనకాల మేం పోలేదు."

"మా షరతు అది సార్. ఒప్పుకోకపోతే ఏజెన్సీ..."

"ఏజెన్సీ తెచ్చింది నేను" అన్నాడు భరత్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేనే వదిలేస్తాండా. మిగిలిన తానులు తీసుకుపోండి. ముందు చెప్పకుండా ఈమెకు అమ్మింది మా తప్పు. ఈ ఫ్రాకుల్ని మాత్రం వదిలేయండి."

తేజ బయటికి వెళ్ళి, చూరు కింద నిలబడి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి, కంపెనీ పేరు తీసేస్తే కొన్న గుడ్డవరకూ అడ్డు చెప్పరనీ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారనీ చెప్పాడు. పోతూ పోతూ ఆగి, "మా పాపకు ఒకటి కుట్టిస్తారా మేడమ్?" అని అడిగాడు. పద్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

వాన గట్టిగా పట్టుకుంది. సోమశేఖర్ ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చినవాడిలా లోపలికి పోయాడు. భరత్, పద్మ మెట్ల పైన నిలబడ్డారు. వీధిలో ఎర్రనీళ్ళు పారుతున్నాయి.

"ఎంత కొట్లాడి తెచ్చినావో దాన్ని! ఊరికే వదిలేసినావే" అన్నది పద్మ.

"ఇంకొకటి వదిలేసినా అప్పుడు. ఇన్నేండ్లూ బాధపడినా."

"ఏంది?"

"వానలో నువ్వు పోతాండా అంటే 'మంచిది' అన్నా గదా. పోవద్దని చెప్పాలనుకున్నా."

పద్మ చూరు నీళ్ళ కింద చెయ్యి పెట్టింది. "బస్సు కిటికీలోంచి నేను ఎనక్కి తిరిగి చూస్తానే ఉన్నా. నువ్వు ఆడనే నిలబడినావు, రాయి మాదిరి. పరిగెత్తి వస్తావేమో అనుకున్నా."

"ఇప్పుడు వస్తా. పెళ్ళి చేసుకుందామా?"

"షరతులు ఉండాయి."

"ఏందవి?"

"కుట్టడం మానను. అమ్మ నాతోనే ఉంటాది. ముందే చెప్తాండా, తర్వాత గొణగొద్దు."

"మంచిది" అన్నాడు భరత్. ఈసారి అతను చెప్పాలనుకున్నది అదే.

ఇంట్లో భరత్ తల్లి నాగరత్నమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "వాళ్ళు మగ్గం వాళ్ళు, మనం అంగడి వాళ్ళం. ఎట్ల కుదురుతాది?" అని వంటింట్లో గిన్నెలు దడదడలాడించింది.

"మగ్గమే లేకుంటే మన అంగడి యాడిదే?" అన్నాడు సోమశేఖర్.

డాన్సు క్లాసు పండగకు పిలుపొస్తే, నాగరత్నమ్మ పిల్ల ఎట్లుందో చూసొస్తానని ఒక్కతే పోయింది. వేదిక మీద నెమళ్ళ ఫ్రాకులు గిర్రున తిరుగుతుంటే, పక్కన పద్మ ఒక పాప ఊడిన హుక్కును నిలబడే కుడుతోంది. పాప ఏడుస్తోంది, పద్మ ఏదో చెప్పి నవ్విస్తోంది. నాగరత్నమ్మ చివరిదాకా కూర్చుని చూసి వచ్చింది.

మరుసటి శుక్రవారం పూలూ పండ్లూ పట్టుకుని, మొగుణ్ణీ కొడుకునూ వెంటబెట్టుకుని సాయినగర్ మేడ మెట్లెక్కింది. ఆంజినమ్మ కంగారుగా చాప పరిచింది. నాగరత్నమ్మ గొంతు సవరించుకుంది.

"ఏం లేదమ్మా, ఇన్నేండ్లూ నా జాకెట్లు భుజం దగ్గర జారుతానే ఉండాయి. ఎవరు కుడతాండారో ఏమో, మా ఆయన చేతికిచ్చి పంపిస్తాండా. ఇంట్లోనే కుట్టే మనిషి ఉంటే బాగుంటాదని..."

ఆంజినమ్మ పమిట చెంగుతో నోరు మూసుకుంది. "అవి కుట్టింది నేనే అక్కా."

లోపలి గదిలోంచి పద్మ నవ్వు వినపడింది, ఆ వెనకే చాప మీంచి భరత్‌ది. సోమశేఖర్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాగరత్నమ్మ మొదట ఎర్రబడి, ఆపుకోలేక తనూ నవ్వేసి, తెచ్చిన మల్లెపూల చెండు విప్పుతూ పిలిచింది.

"ఇట్ల రామ్మా కోడలా. పూలు పెట్టనీ. ఆనక నీ టేపు తెచ్చి, నా భుజం కొలుచుకో."