దూది డబ్బాలో చీట్లు

కదిరమ్మ వచ్చి డ్యూటీ చార్టును నా టేబుల్ మీద ఠపీమని కొట్టింది. సిరా బుడ్డి ఎగిరిపడింది. నా గుండె కూడా.

"ఏమప్పా జయరామప్పా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సిస్టర్. బాగుండాదా?" లోలోపల చంకలు గుద్దుకుంటూ అన్నాను.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది. బెంగుళూరు పక్కన యలహంక దగ్గర ఓ ఆస్పత్రిలో నర్సుల డ్యూటీలు రాసే క్లర్కును నేను. కదిరమ్మను చూసిన రోజు నుంచీ ఆమెకు కాలిన గాయాల వార్డు పడనివ్వలేదు. ఆదివారాలన్నీ సెలవు. డ్యూటీ ఎప్పుడూ నా కిటికీ ఎదురుగా ఉన్న టీకాల గదిలోనే. ప్రేమించానని ఇంతకన్నా ఎలా చెబుతారో నాకు తెలియదు.

"నా కొంప ముంచినావు కదప్పా!"

నేను చార్టును నా వైపు తిప్పుకుని చూశాను.

"నా బదులు రత్నమ్మ సిస్టర్‌కు వరసగా ఎనిమిది ఆదివారాలు డ్యూటీ. అలిసిపోయి నిన్న ఒకరి మందు ఇంకొకరికి ఇయ్యబోయింది, పేషెంటే ఆపినాడు! నాతో తోటి సిస్టర్లు ఎవరూ మాట్లాడరు. టీకా వేసేటప్పుడు బిడ్డను పట్టుకోండమ్మా అంటే ఒక్కరూ రాలేదు. సూది జారి బిడ్డకు రక్తమొచ్చింది. వాళ్ళమ్మతో పాటు నేనూ ఏడ్చినా."

ఇదంతా నా పెన్ను చేసిన పనా?

"నీ కోసమే కదా..."

"నన్ను అడిగినావా? సాకప్పా, చాలు నీ దయ. ఇదిగో, ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ. సోమవారం ఇచ్చేస్తా."

మర్నాడు పొద్దున్నే నర్సులందరినీ పిలిచాను. చేసిన తప్పు ఒప్పుకున్నాను. ఆదివారాలకు వరస పెట్టి, వార్డుల పేర్లు చీట్ల మీద రాసి ఖాళీ దూది డబ్బాలో వేశాను.

కదిరమ్మకు కాలిన గాయాల వార్డే వచ్చింది. 'ఇంకోసారి తియ్యి సిస్టర్' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. రత్నమ్మ ఆమె భుజం తట్టి, "దా, కట్లు మార్చేది నేను చూపిస్తా" అంది.

సోమవారం గడిచింది. అర్జీ రాలేదు. నెలాఖరున కదిరమ్మే వచ్చింది, చేతులకు బర్నాల్ పూతమందు వాసనతో.

"ఈ ఆదివారం నాకు సెలవు. న్యాయంగా వచ్చింది. మా ఇంటికి రా. మా నాయన నిన్ను చూడాలంటుండాడు."

"నన్నా? ఎందుకు?"

"దినామూ ఇంట్లో నిన్ను తిడతా ఉంటినే! పిల్ల ఇంతగా తిట్టేది ఎవర్నో చూద్దామంటుండాడు." తల వంచుకుంది. "ఈ మధ్య తిట్టడం లేదు. దానికి ఇంకా భయపడినాడు."

ఈసారి సిరా బుడ్డి నా చెయ్యి తగిలే ఒలికింది. వచ్చే నెల చార్టంతా నీలమైపోయింది.

"వస్తాను" అన్నాను.