అంగిట్లో అడ్డపొగ

చింతపల్లిలో పళ్ల డాక్టరుగా నాకు నోరెక్కువని పేరు. అడ్డపొగ తాగే ఆడవాళ్లు కనబడితే తిట్టకుండా వదలను. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు, చలికి వెచ్చగా ఉంటుందని. అంగిలి కాలి తెల్లగా మందం కడుతుంది, మధ్యలో ఎర్రచుక్కలు. మా నాన్నమ్మ నోరూ అంతే.

ఆ సాయంత్రం మంచు దిగుతుండగా కనక వచ్చింది. పెళ్లి కూడా కాని పిల్ల. రక్తం జబ్బు చేస్తే అక్క రాజులమ్మ తన ఎముక మజ్జలోని మూలకణాలిచ్చి బతికించుకుంది. ఆ రాజులమ్మే మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయింది.

"గంజి కూడా దిగట్నేదమ్మా. నోరు మండిపోతంది."

చూశాను. బుగ్గల లోపల తెల్లటి దారాలు, వల పరిచినట్టు.

"అక్క ఇచ్చిన కణాలు నీ ఒంటిని పరాయిదనుకుని దాని మీదే పడుతున్నాయే. రేపే విశాఖ వెళ్లాలి. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది."

"మా అప్ప నాకు సెడు సేస్తాదేటమ్మా?" అంది.

తర్వాత తెల్లగా మందం కట్టిన అంగిలి చూసి మండిపడ్డాను. "ఈ నోటితో అడ్డపొగ కూడానా? బుద్ధుందా నీకు?"

"ఒట్టమ్మా, నాను ముట్టనేదు! అది మా అప్ప అలవాటు." కళ్లు తుడుచుకుంది. "ఈ జబ్బుకి మందిలోకి ఎల్లకూడదని డాట్రు అన్నారని, అప్పని మట్టి సేసినప్పుడు నన్ను తీసుకెల్లనేదు. పోయినోల్లకి ఇట్టమైంది సమాధి కాడ పెట్టాల కదా. సుట్ట ఒక్కటీ ఎవులూ పెట్టనేదంట."

"సరే, ఇంకోసారి నోరు తెరువు" అన్నాను.

చిన్న అద్దం లోపల పెట్టాను. అంతలో కరెంటు పోయింది. గదిలో చుట్ట కంపు గుప్పుమంది. టార్చి నొక్కాను... వెలగలేదు. అయినా అద్దంలో అంగిలి కనబడుతోంది.

ఎర్రగా.

కనక ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ ఎరుపు పెరుగుతోంది... వదిలితే తగ్గుతోంది. పాపం, పిల్ల కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

నాకు తిట్టడం వచ్చు గానీ బతిమాలడం రాదు. అయినా గొంతు తగ్గించి అన్నాను. "రాజులమ్మా... అది నీ చెల్లెలు. కాలిపోతోంది. ఆర్పెయ్యి తల్లీ."

ఎరుపు తగ్గలేదు.

"సలేస్తంది గుంటా... ఇంకొక్క దమ్ము."

కనక నోరు నా అద్దం చుట్టూ అలాగే తెరుచుకుని ఉంది. నాలుక కదల్లేదు.