పైగాలి అందిన ఆదివారం

కడుపులోని పాపను పోగొట్టుకున్న ఆదివారం పొద్దున, తల్లీకూతుళ్ళు కర్టెన్ల దగ్గర కాసేపు కీచులాడుకున్నారు. చిన్నగది కిటికీకి తల్లి కుట్టిన పసుపు కర్టెన్లు నేలకు జానెడు పైనే ఆగిపోయాయి.

"ఊరందరికీ కొలతలు తీస్తావు. ఇంటికొచ్చేసరికి కంటితో కొలుస్తావు," అంది కూతురు, మంచం మీద కాళ్ళు చాపుకుని.

"పాకే పిల్ల పట్టుకు లాగకూడదని కావాలనే పైకి కుట్టానే."

"అబ్బ! దొరికిపోయినప్పుడల్లా నీకు కావాలనే అయిపోతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. కూతురికి ఏడో నెల. లిఫ్టులు బాగుచేసే అల్లుడు పనిమీద పొరుగూరు వెళ్ళాడు, రాత్రికి గాని రాడు. తల్లి చెప్పులు వేసుకుని కూడా గుమ్మంలోనే నిలబడింది.

"పోనీ, ఇవాళ మానెయ్యనా?"

"మానేసి? నా మొహం చూస్తూ కూర్చుంటావా? వెళ్ళమ్మా. నువ్వు ఎగరకపోతే ఇంట్లో నా ప్రాణం తోడేస్తావు."

అంతకు కొద్దిరోజుల ముందు నొప్పులేమోనని హడావిడిగా ఆసుపత్రికి పరుగెత్తారు. నర్సు పరీక్ష చేసి, నవ్వి, ఇంటికి పంపేసింది. కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. అది గుర్తొచ్చే తల్లి వెళ్ళబోతూ ఒక మాట అంది. "ఏమన్నా అనిపిస్తే కంగారుపడి అందరినీ పిలవకు. ముందు నాకు ఫోన్ చెయ్. ఎంతలోకి, వచ్చి వాలిపోతాను."

ఆమెది టైలరింగ్ దుకాణం. రెండేళ్ళ క్రితం ఎవరో క్యాన్వాసు గుడ్డ చుట్ట తెచ్చి, చాలా పొడవైన తొడుగులు కుట్టాలన్నారు. వేటికని అడిగితే విమానం రెక్కలకు అన్నారు. హాస్యమాడుతున్నారనుకుంది. కొలతలకని ఊరి బయటి మైదానానికి వెళితే, అక్కడ నిజంగానే ఇంజను లేని చిన్న విమానాలున్నాయి. గ్లైడర్లట. దూరంగా ఉన్న యంత్రం పొడవాటి తాడుతో లాగితే గాలిపటంలా పైకి లేస్తాయి. పైన తాడు వదిలేస్తాయి. ఆపైన గాలి దయ. తొడుగులు సరిగ్గా అమరినందుకు ఒకసారి వెనకసీట్లో కూర్చోబెట్టి తిప్పారు. దిగాక ఆమె, "ఇది నేర్చుకోవడానికి వయసు అడ్డమా?" అని అడిగింది. భర్త పోయిన తరువాత ఆమె తనకోసం అడిగిన మొదటి సంగతి అది.

అక్కడ ఆమెను సూదక్క అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్నాయన, సిటీ బస్సు నడిపే బస్సక్క, ఇంకా కొందరు ఆదివారమంతా అక్కడే గడుపుతారు. ఒకరు ఎగరాలంటే మరొకరు రెక్క పట్టుకోవాలి, ఇంకొకరు తాడు తగిలించాలి. అందుకని తన వంతు కాగానే ఇంటికి పోయేవాళ్ళుండరు. తాడు దగ్గర ధ్యాస చెదరకూడదని ఫోన్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పడేస్తారు.

ఆ రోజు ఆమె ఒంటరిగానే ఎగిరింది. మామూలుగా నాలుగైదు నిమిషాల్లో దిగిపోవలసిందే. తాడు వదిలి మలుపు తిరుగుతుండగా కుడిరెక్క కింద ఎవరో చెయ్యి పెట్టి ఎత్తినట్టయింది. నేల వేడెక్కి పైకి లేచే గాలి. దాన్ని వాళ్ళు పైగాలి అంటారు. అది అందితే దిగనక్కరలేదు, దానిలోనే గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోవచ్చు. ఇన్నాళ్ళూ ఆమెకు అందలేదు.

అప్పుడే రేడియోలో కళ్ళజోళ్ళాయన గొంతు వినిపించింది. "సూదక్కా, డబ్బాలో నీ ఫోన్ మోగుతోంది. మీ అమ్మాయి."

"కర్టెన్ల గొడవ అయ్యుంటుంది అన్నయ్యగారూ. పైగాలి అందింది. కాసేపాగి దిగుతాను."

"ఓహో! ఉండు, ఉండు. వదలకు."

పైగాలి మొదటిసారి అందినవాళ్ళను కిందికి పిలవకపోవడం ఆ మైదానంలో మర్యాద. తరువాతి వంతు వాళ్ళు కూడా తలెత్తి చూస్తూ ఓపిగ్గా ఆగుతారు. ఫోన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. మర్యాదస్థుడైన ఆ పెద్దమనిషి డబ్బా మూత పెట్టేశాడు.

ఆమె దిగేసరికి గంట దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వుతూనే వచ్చి ఫోన్ తీసి చూసుకుంది. బస్సక్క తన కారులో ఎక్కించుకుని ఎంత వేగంగా నడిపిందో ఆమెకు గుర్తు లేదు. ఇంటి తలుపు తీసి ఉండడం గుర్తుంది. స్నానాలగది బయట కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఉండడం గుర్తుంది.

పాప దక్కలేదు. ముందు వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమంది డాక్టరమ్మ. ఆసుపత్రి మంచం మీద కూతురు కళ్ళు తెరిచి, "ఎందుకమ్మా ఎత్తలేదు?" అనడిగినప్పుడు తల్లి నోటి నుంచి వచ్చిన మాట, "ఫోన్ సైలెంట్‌లో పడిపోయిందే, వినబడలేదు."

అప్పటికి అలా వచ్చేసింది. తరువాత దిద్దుకోవడానికి ఏ రోజూ సరైన రోజనిపించలేదు.

ఇంటికి వచ్చాక అల్లుడు అత్తగారిని నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరు పలకరించడానికి వచ్చినా అదే మాట. "అత్తయ్య సమయానికి తీసుకెళ్ళారు కాబట్టి ఈమైనా దక్కింది." అలా అన్నప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి పోయేది. అతను అది దుఃఖమనుకునేవాడు. మైదానం నుంచి ఫోన్లొస్తే ఎత్తడం మానేసింది. దుకాణంలో రోజూ కుట్టే కుట్లే వంకరపోయి విప్పి కుట్టుకునేది.

"అత్తయ్యా, మీరు మళ్ళీ వెళ్ళండి. నాలుగ్గోడల మధ్య ఇలా కూర్చుంటే మనిషి చెడిపోతారు," అన్నాడు అల్లుడు ఒకరోజు.

"ఇప్పుడు అదొక్కటే తక్కువ నాయనా," అందామె.

 కూతురు ఈమధ్య ఎక్కువ మాట్లాడడం లేదు. పనిచేసే లైబ్రరీకి మళ్ళీ వెళుతోంది, వస్తోంది. పెట్టింది తింటోంది.

ఒక సాయంత్రం తల్లి దీపం వెయ్యడానికి లేచేసరికి గుమ్మంలో బస్సక్క గొంతు వినిపించింది. "ఇంట్లో ఉన్నారా, లేక మమ్మల్ని చూసి గోడ దూకారా?" వెనక కళ్ళజోళ్ళాయన, చేతిలో కమలాపళ్ళ సంచి.

 కూతురే ఎదురెళ్ళి కూర్చోబెట్టింది, టీ పెట్టింది. ఆ ఇంట్లోకి చాలా రోజులకు మనుషులు వచ్చినట్టయింది.

"మీ అమ్మ లేక మా రెక్కల తొడుగులు ఎలా చిరిగాయో చూస్తే ఏడుస్తావమ్మాయ్," అంది బస్సక్క. "ఈ పెద్దమనిషి కుట్టాడొకటి. రెక్కకు కట్టు కట్టినట్టుంది."

"నాకొచ్చింది నేను కుట్టాను," అన్నాడాయన.

"ఇంకెప్పుడూ కుట్టకండి అన్నయ్యా, దండం పెడతాను."

కూతురు నవ్వింది. సన్నటి నవ్వే. తల్లి ఆ నవ్వును చూస్తూనే కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి, "పళ్ళు కొయ్యనా? ఇంకొంచెం టీ?" అని అడ్డం పడుతోంది. ఆయన వినిపించుకోలేదు. కప్పు కింద పెట్టి, కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇన్నాళ్ళూ నీకు మొహం చూపించలేక రాలేదు. రెండోసారి మోగినప్పుడైనా నేను మళ్ళీ రేడియోలో చెప్పాల్సింది. కాసేపాగి దిగుతానంది కదా, మొదటిసారి అందిన పైగాలి కదా, మధ్యలో దించడమెందుకని ఊరుకున్నాను. పైగా ఆ డబ్బాకు మూత పెట్టాను. నిద్ర పట్టడం లేదమ్మా నాకు. తప్పు నాది. మీ అమ్మను ఏమీ అనకు."

కూతురు చేతిలోని పళ్ళెం కింద పెట్టింది.

"అమ్మ ఫోన్ సైలెంట్‌లో పడిపోయింది కదండీ," అంది నెమ్మదిగా.

 బస్సక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఎవరూ తల్లి వైపు చూడలేదు.

కూతురు వాళ్ళను మర్యాదగానే సాగనంపింది. పళ్ళకు థాంక్స్ చెప్పింది. గేటు వేసి వచ్చింది. వంటింట్లో తల్లి కప్పులు కడుగుతోంది. కడిగినదాన్నే మళ్ళీ కడుగుతోంది.

"నీళ్ళు కట్టెయ్యి," అంది కూతురు.

కట్టేసింది.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"చెబుదామనుకోలేదు."

"నేను ఫోన్ చేశానని నీకు తెలుసు."

"తెలుసు. మొదటిది తెలుసు. తరవాతవి తెలీవు."

"కర్టెన్ల గొడవ అనుకున్నావా?"

తల్లి తల ఊపింది. ఆ మాట కళ్ళజోళ్ళాయన చెప్పలేదు. కూతురు తానే ఊహించింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వు ఎత్తినా ఏమనేదానివో నాకు తెలుసులే. అప్పటికి నడుం పట్టేసినట్టుందంతే. కాపడం పెట్టుకోమనేదానివి. దానికి కాదు నా ఏడుపు."

"మరి?"

"సైలెంట్‌లో పడిపోయిందన్నావు. ఇక అమ్మ తప్పు లేదు. మా ఆయన ఊళ్ళోనే లేరు. మిగిలింది ఎవరు?" కూతురి గొంతు లేచింది. "నీకు ఫోన్ చేశాక నేనేం చేశానో తెలుసా? నువ్వే చేస్తావులే అని వెళ్ళి తలకు పోసుకున్నాను. ఆరిన బట్టలు మడతలు పెట్టాను. పక్కింటి తలుపు ఎంత దూరం? కొట్టలేదు. మళ్ళీ నర్సు నవ్వుతుందని కొట్టలేదు! ఇన్నాళ్ళూ రోజూ ఆ బట్టలే మడత పెడుతున్నాను నేను. నీకు తెలీకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను, నేను ఆగడంవల్లే పోయిందా అని. నువ్వు ఒక్క మాట చెప్పుంటే నీమీద అరిచేదాన్ని. అరిచి అరిచి ఎప్పుడో ఒకనాడు ఊరుకునేదాన్ని. అరవడానికి మనిషి లేకుండా చేశావు."

తల్లి గట్టును పట్టుకుని నిలబడింది. కూతురి కోపం తన మీద పడకుండా తప్పించుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది. అది కింద పడి పోలేదు. ఎదుటే ఉన్న పిల్ల మీద పడింది. పెట్టింది తింటూ, పక్క మంచం మీద పడుకుంటూ ఆ పిల్ల మోస్తూనే ఉంది. తన దుఃఖం తాను చూసుకుంటూ తల్లి దాన్ని చూడలేదు.

"నీ తప్పు లేదు," అంది.  మళ్ళీ అంది. "నీ తప్పు ఇసుమంతైనా లేదే. ముందు నాకు చెయ్యమన్నది నేను. నేను చెప్పినట్టే చేశావు. ఎత్తనిది నేను."

కూతురు స్టూలు మీద కూలబడింది. చాలాసేపు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి దగ్గరకు వెళ్ళలేదు. ఆ హక్కు ఉందో లేదో తెలియలేదు.

"ఎలా ఉంది?" అంది కూతురు, ఏడుపు కాస్త నెమ్మదించాక.

"ఏది?"

"పైన. ఆ గంట."

"అది అడక్కు తల్లీ."

"అడుగుతాను. అది నాకు రావలసిన గంట. అందులో ఏముందో నాకు తెలియాలి."

తల్లి గట్టుకు ఆనుకుని నేలమీద కూర్చుంది. దాచుకోవడానికి ఇంకేమీ లేదు.

"చప్పుడు ఉండదు. గాలి ఒరుసుకున్న చప్పుడు తప్ప. ఒక గద్ద వచ్చింది. నా రెక్క పక్కనే, అదే గాలిలో తిరుగుతోంది. నన్ను చూసి బెదరలేదు. అది ఎటు తిరిగితే నేనూ అటు తిరిగాను. కింద మన ఊరంతా ఆరేసిన దుప్పటిలా ఉంది. మన ఇల్లు ఎక్కడుందా అని కూడా వెతకలేదు. మీ నాన్న పోయాక మొదటిసారి నాకు ఎవరూ గుర్తు రాలేదు." ఆగింది. "నువ్వు కూడా. చాలా బాగుందే. దిగాక నీకే చెబుదామనుకున్నాను. నీకే ముందు చెబుదామనుకున్నాను."

కూతురు స్టూలు దిగి పక్కన వచ్చి కూర్చుంది. తల్లి భుజానికి తల ఆనించలేదుగాని, ఆమె తడిచేతిని తీసుకుని తన చెంగుతో వేలు వేలూ తుడిచింది.

"నాకు కోపం పోలేదు," అంది.

"పోవద్దులే. ఉండనీ."

"రేపు కూడా అరుస్తాను."

"అరుచుకో. వింటాను."

అప్పుడు తల్లి ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపు. కూతురు ఆమె తల నిమురుతూ, "ఊరుకో, ఊరుకోమ్మా. ముక్కు చీదుకో ముందు," అని విసుక్కుంది. ఆ విసుగు పాతదే. ఇంట్లో వినబడి చాలా రోజులైంది.

"మీ ఆయనకు..." అంది తల్లి కొంత తేరుకున్నాక.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

"నేనే చెబుతాను."

గేటు చప్పుడైంది. అల్లుడు చేతులకు గ్రీజుతో లోపలికి వచ్చి, ఇద్దరూ నేలమీద కూర్చుని ఉండడం చూసి ఆగిపోయాడు. భార్య మొహంలో ఏదో తేలికపడిందని అతనికి తెలిసింది. ఎందుకో తెలియలేదు.

"ఏంటిలా చతికిలబడ్డారు? కుర్చీలు అమ్మేశారా? ఈ పళ్ళెవరివి?" అని ఒక కమలాపండు తీసుకున్నాడు. అత్తగారి ఎర్రబడ్డ కళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "ఊరుకోండి అత్తయ్యా. మీరు చెయ్యగలిగినదంతా చేశారు."

భార్య అతనివైపు కాక తల్లివైపు చూసింది. తల్లి లేచి, "చేతులు కడుక్కో నాయనా, వడ్డిస్తాను," అంది.

భోజనాల దగ్గర చెబుదామనుకుంది. అతను లిఫ్టులో ఇరుక్కున్న ఒక పెద్దావిడ తనను ఎలా తిట్టిందో చెబుతూ చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు. మర్నాడు పొద్దున అతనికి తొందర పని పడింది. ఆ వారం కూతురు తల్లిమీద రెండుసార్లు అరిచింది, ఒకసారి తల దువ్వించుకుంది.

అల్లుడికి ఇంకా చెప్పలేదు.